ఏటా కొత్త గోడ

ఆమె పేరు నాకు తెలియదు. పదకొండేళ్లు వాళ్లింటికి వెళ్లివచ్చాను, ఆమె చేతి టీ ఎన్నిసార్లు తాగానో చెప్పలేను, అయినా తెలియదు. అడగలేదని కాదు. మొదటి రోజే అడిగాను. ఆమె నా మొహం చూడలేదు, చేతిలో ఉన్న పెన్ను చూసింది. చూసి, "ఏ పనికి?" అంది. నేను బడిపంతులమ్మని. ప్రశ్నకి ఎదురు ప్రశ్న వేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంక అడగలేదు. ఈ ఆషాఢంలో ఆమె కోడలు ఫోన్ చేసి అత్త పోయిందని చెప్పినప్పుడు, సిద్ధగోరాలో మా ఇంటి నుంచి వాళ్లుండే భుయాడీ బస్తీ దాకా స్కూటీ మీద పోతూ, మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఏమని పెట్టాలా అని ఆలోచిస్తే అప్పుడు తట్టింది నాకీ సంగతి. బస్తీలో అందరూ ఆమెను ఫలానా వాళ్లమ్మ అనో, ఫలానా వాళ్ల మామ్మ అనో అంటారు. నేను అత్తా అనేదాన్ని. చివరికి గ్రూపులో "నదిగట్టు అత్త" అని పెట్టాను. చాలామందికి అర్థమైంది.

ఆమె ఇల్లు సువర్ణరేఖ గట్టు మీద, సందు చివర. రెండు గదుల మట్టి ఇల్లు, నాటుపెంకుల కప్పు, వెనక గోడ నదివైపు, ముందు గోడ సందువైపు. వెనక గోడ వరదల్లో రెండుసార్లు కూలి మళ్లీ లేచింది. ముందు గోడ మాత్రం ఎత్తరుగు మీద ఉండబట్టి ఎప్పుడూ నీళ్లు చూడలేదు. బస్తీ అంతా ఒక్కొక్కటే ఇటుకలకీ సిమెంటుకీ మారిపోతుంటే ఈ ఒక్క గోడ మట్టిదే అయి, సందులోకెల్లా కొత్తగా కనపడేది. అదే నన్ను ఆ గుమ్మం ముందు ఆపింది.

అప్పట్లో మా సంఘం వార్షిక సంచికకి "ఈ ఊళ్లో తెలుగువాళ్ల పాత ఇళ్లు" అని ఒక వ్యాసం రాస్తానని ఒప్పుకున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మా తాతలు రైలెక్కి ఈ హిందీవాళ్ల ఊరికి వచ్చి ఉక్కు కార్ఖానాల్లో చేరినప్పుడు ఎక్కడ తలదాచుకున్నారు, ఏం కట్టుకున్నారు, ఇదీ విషయం. గోల్‌మురిలో నేను పుట్టి పెరిగిన క్వార్టర్ల సంగతి నాకు కంఠతా వచ్చు. నదిగట్టు బస్తీల సంగతి తెలియదు. అందుకని నోటుబుక్కు, పెన్ను, ఫోన్ పట్టుకుని బయల్దేరాను. గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. మోచేతుల దాకా గేరుమట్టి ఎరుపు. పొట్టి మనిషే, కానీ ఎవరైనా కొత్తవాళ్లు వస్తే చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని గుమ్మం నిండా నిలబడటం ఒకటి ఉండేది ఆమెకి. లోపల ఏముందో కనపడనిచ్చేది కాదు.

ఇల్లు కట్టి ఎన్నేళ్లయిందని అడిగాను.

"కొత్తదే పాపా. పోయినేడే ఏసుకున్నాం" అంది.

నమ్మాను. గోడ ఇంకా పచ్చిగానే ఉంది మరి. నదిలో వరద తగ్గాక గట్టున మిగిలే ఒండ్రు తెచ్చి, పేడా ఊకా కలిపి, పల్చగా పూసి, దాని మీద రంగు. అరుగు మీంచి మోకాలెత్తు దాకా నలుపు, ఆ పైన ఎరుపు, రెంటికీ మధ్య తెల్లసుద్ద పట్టీ. తడి ఆరకముందే మూడు వేళ్లతో పైనుంచి కిందకి వంపుగా లాగిన గీతలు. అవి ఈ చుట్టుపక్కల ఆదివాసీలైన సంతాలుల గోడల మీది గీతలు. అత్త కాంట్రాక్టరు దగ్గర రేజాగా, అంటే ఇటుకలూ సిమెంటూ మోసే కూలీగా, పనిచేసినన్నాళ్లూ జోడీగా తట్ట మోసిన ఒక సంతాలీ ఆవిడ నేర్పిందట. వాటి కింద చుక్కల ముగ్గు మాత్రం మనది. సంతాలీ గీతల కింద సిక్కోలు చుక్కల్ని ఆ గోడ మీద తప్ప నేనెక్కడా చూడలేదు. మురిసిపోయి, "ఈ మధ్యనే కట్టుకున్న ఈ చిన్న ఇంట్లో పాత కళ బతికే ఉంది" అని వ్యాసంలో రాశాను, ఫోటో కూడా వేశాను. ఆమె చెప్పిందే రాశాను.

ఆ ఇల్లు కొత్తది కాదని నాకు మూడో ఏట తెలిసింది. ఆమె కొడుకు ఆ ఇంట్లోనే పుట్టాడు. అతను కార్ఖానాలో కాంట్రాక్టు మీద వెల్డింగు చేస్తాడు, జుట్టు అప్పటికే నెరవడం మొదలైంది. మాట జారింది కోడలు. అత్త బజారుకి వెళ్లి వచ్చేలోపు అంతా చెప్పేసింది పాపం, ఎన్నాళ్లుగా కడుపులో పెట్టుకుందో. మావగారు ద్వారబంధం మీద మేకుతో సంవత్సరం చెక్కుకుంటే, ఆయన డ్యూటీకి వెళ్లగానే ఆమె గాజుపెంకుతో గీకేసిందట. పాత రేషన్ కార్డూ, ఓటు చీటీలూ వరదలో పోయాయని ఆమె అందరికీ చెప్పేది. వరద కాదు, పొయ్యి. తేదీ ఉన్న కాగితం ఇంట్లో కనపడితే ఆమెకి అన్నం సయించేది కాదట.

ఎందుకలా అని నేనే అడిగాను ఒకసారి, పెన్ను సంచిలో పడేసి. నా చేతులు ఒట్టివేనని చూసుకుంది. తర్వాత చెప్పింది. వాళ్లు ఆ గట్టుకి వచ్చిన కొత్తలో ఎవరో రిజిస్టరు పట్టుకుని వచ్చారు. ఏ ఆఫీసో ఆమెకి తెలియదు. ఎదురింటాయన మీసం దువ్వి, మేము పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్నాం, రాసుకోండని చెప్పాడు. ఈమె భయపడి, మాది నిన్నగాక మొన్న వేసిన గుడిసె అంది. ఎనిమిదో రోజుకి ఎదురిల్లు నేలమట్టమైంది. ఈమె ఇంటి జోలికి ఎవరూ రాలేదు. అది రోడ్డు మలుపు కోసం అయ్యుంటుంది, ఆయన ఇల్లు మూలన ఉంది కదా అని నేనన్నాను. చదువుకున్న పిల్లకి ఏం తెలుసులే అన్నట్టు నవ్వింది.

"పాతదని తెలిత్తే సాలు, కన్నేత్తారు. కొత్త గుడిసంటే, ఏముందిలే అని ఒగ్గేత్తారు."

అప్పటినుంచి ఏటా దసరాకి ముందు గోడకి కొత్త పూత. ఒక ఏడు ఎరుపు పైన ఉంటే మరుసటి ఏడు నలుపు పైన, ఆ పై ఏడు సుద్ద. నిరుడు చూసినవాడు ఈ ఏడు వస్తే ఇది వేరే ఇల్లు అనుకోవాలని. ఇది విన్నాక ఆ గోడ అందం చూసి మురిసిపోవడం నాకు కుదరలేదు. వేళ్ల గీతలు చూసినా భయమే కనపడేది.

నాకామె మీద విసుగు కూడా వచ్చేది, నిజం చెప్పాలంటే. కంటి పరీక్షల శిబిరానికి తీసుకెళ్తే వయసు చెప్పదు. మనవలెంతమంది అంటే "ఉన్నార్లే" అంటుంది. సందులోకి వచ్చే బళ్ల చప్పుళ్లన్నీ ఆమెకి తెలుసు. తెలియని బండి ఏదైనా మెల్లగా వస్తే చాలు, చేస్తున్న పని ఆపి, కొంగు నడుముకి దోపుకుని, గుమ్మంలోకి వచ్చి నిలబడేది. గ్యాస్ సిలిండరు వాడు పోయేదాకా కదిలేది కాదు. వానాకాలం నది గట్టెక్కి వస్తుందని బస్తీ అంతా పెట్టెలు సర్దుకుంటుంటే, ఆమె మాత్రం తాపీగా బియ్యం ఏరుకుంటూ కూర్చునేది. భయం లేదా అత్తా అంటే, "నదికేటి, వత్తాది, పోతాది. రిజిస్టరు అలక్కాదు" అనేది.

ఈ ఏడాది ఫాల్గుణంలో రిజిస్టరు మళ్లీ వస్తుందని తెలిసింది. ఈసారి కథ తిరగబడింది. గట్టు మీది ఇళ్లన్నీ సర్వే చేస్తారని, ముప్పై ఏళ్లకి పైబడి ఉన్నట్టు చూపించుకున్నవాళ్ల పేర్లు జాబితాలో ఉంటాయని, తక్కినవాళ్లని ఖాళీ చేయిస్తారని బస్తీలో చెప్పుకున్నారు. ఎవరి పెట్టెల్లోంచి వాళ్లు పాత కాగితాలు తీశారు. కరెంటు బిల్లులు, బడి సర్టిఫికెట్లు, శుభలేఖలు. వీళ్లింట్లో పదిహేనేళ్ల కిందటి కాగితం ఒక్కటీ లేదు. ఆమె కొడుకు ఇల్లంతా వెతికి వెతికి, చివరికి మా సంఘం సంచిక దొరికితే పట్టుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. ఇంటి ఫోటోతో అచ్చయిన కాగితం కదా, పనికొస్తుందేమోనని. అతనికి తెలుగు చదవడం రాదు. నేను చదివి వినిపించాల్సి వచ్చింది. "ఈ మధ్యనే కట్టుకున్న ఈ చిన్న ఇంట్లో." ఆ ఇంటి గురించి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క అచ్చు కాగితం నేను రాసింది, అది కూడా ఇల్లు కొత్తదనే చెప్తోంది. సిగ్గుతో అతని మొహం చూడలేకపోయాను. అతను మాత్రం, కోయీ బాత్ నహీ టీచర్‌జీ, పరవాలేదులే అని సంచిక మడిచి పట్టుకుని వెళ్లిపోయాడు.

నేనూరుకోలేదు. వారం రోజులు బడి అయ్యాక వెళ్లి ఆమెకి పాఠం చెప్పాను. సర్వే అతను అడుగుతాడు, నువ్వు నిజం చెప్పు, ఇన్నేళ్లయింది అని చెప్పు, చాలు. ఆమె ఒకటో తరగతి పిల్లలా తలూపేది. నాలుగో రోజుకి గడగడా చెప్పడం కూడా వచ్చింది. ఇంక భయం లేదనుకున్నాను.

ఆ రోజు వచ్చినతను కుర్రాడు, మర్యాదస్తుడే. చేతిలో అట్ట, అట్ట మీద ఫారం. అరుగు దగ్గర ఆగి, అమ్మా, ఘర్ కబ్ కా హై, ఇల్లెప్పటిది అని అడిగాడు. ఆమె చేతులు వెనక్కి వెళ్లాయి. పెన్ను వంక చూస్తూ, "నయా హై బాబూ. పిఛ్లే సాల్ కా" అంది. కొత్తదేనట, పోయినేడుదేనట.

అతను రాసుకున్నాడు.

కొడుకు తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. నేను పంతులమ్మ గొంతు ఎత్తాను. ఆవిడ భయంతో అంటోంది, ఇల్లు నలభై ఏళ్ల పైమాటే, ఈ కొడుకు ఇక్కడే పుట్టాడు అని హిందీలో దబాయించాను. ఇంటామె ఏం చెబితే అది రాయాలి మేడమ్ అన్నాడతను. పైగా గోడ మీద వేలు పెట్టి చూశాడు. దసరా పూత, వేలికి ఎర్రగా అంటింది. మీరే చూడండన్నట్టు నాకు చూపించాడు. సాక్షులు చెల్లరా అంటే, అందరూ ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకుంటున్నారు, చెల్లదన్నాడు. పక్కింటి వైపు తిరిగాడు.

అప్పటిదాకా ఆమె బొమ్మలా నిలబడి ఉంది. తానేం అందో తనకప్పుడే తెలిసినట్టుంది. లోపలికి పోయి తాపీ తెచ్చింది, మట్టి పూయడానికి ఏటా వాడేదే. తలుపు పక్కన, గుండె ఎత్తున, ఆ గోడని తానే నరకడం మొదలుపెట్టింది. కోడలు అడ్డం వెళ్తే తోసేసింది. ఏటవాలుగా జానెడు మేర చెక్కి, తడిగుడ్డతో తుడిచింది. అంచులన్నీ తేలాయి. ఎరుపు, నలుపు, తెలుపు, మళ్లీ ఎరుపు. కాపీ పుస్తకంలో గీతల్లా ఒకదాని పక్కన ఒకటి, లోపలి దాకా. ఏ ఏటికా ఏడు రంగు మార్చి దాచింది కదా, అందువల్ల ఏ ఏడుది ఆ ఏడుదిగా విడివిడిగా కనపడుతోంది.

ఆమె సర్వే అతన్ని చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాగింది. హిందీ మరిచిపోయింది, తెలుగులోనే చెప్పింది. నేను పక్కన హిందీలో చెబుతూ పోయాను.

"ఇది పోయినేడుది బాబూ. ఇది మనవరాలు పుట్టినేడు. ఇది పెద్దవరదొచ్చినేడు, ఆ ఏడు సుద్ద దొరకలేదు. ఇది కోడలొచ్చినేడు." ఒక చోట వేలు ఆగింది. అక్కడ పూత ఉంది గాని రంగు లేదు, ఒట్టి మట్టి. "ఇదా. ఇది మీ మావ పోయినేడు పాపా. మట్టి ఏసినాను, రంగెయ్యలేకపోనాను."

తన వయసు కూడా చెప్పని మనిషి, ఆ గోడ మీద తన బతుకంతా లెక్క చెప్పింది. సర్వే అతనే పెన్ను మొనతో ఒక్కొక్క అంచూ తాకుతూ లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. నలభై ఒకటి.

ఆ కుర్రాడు మంచివాడు. రాసింది కొట్టేశాడు. కానీ ఇలాంటి రుజువు తానెప్పుడూ చూడలేదని, ఫారంలో దీనికి గడి లేదని, మళ్లీ చూడాలి అని మాత్రం రాయగలనని చెప్పాడు. వానలు వెళ్లాక పెద్ద అధికారులు వచ్చి కళ్లతో చూస్తారు, అప్పటిదాకా దీన్ని ఇలాగే ఉంచండన్నాడు. నేను ఫోన్లో ఫోటో తీస్తుంటే, ఫోటో ఏ గోడదైనా కావచ్చు మేడమ్, గోడే కావాలి అన్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె బతికింది. ఆ జానెడు గంటు కింద, గోడకి వీపు ఆనించి అరుగు మీద కూర్చునేది. మునుపు బండి చప్పుడు వింటే గుమ్మం మూసినట్టు నిలబడే మనిషి, ఇప్పుడు ఎవరు వచ్చినా పక్కకి జరిగి గోడ చూపించేది, పాలవాడికి కూడా. పక్కకి జరిగినప్పుడు మొహం తిప్పుకునేది. నేను వెళ్తే ఒకటే అడిగేది, ఎప్పుడొస్తారు వాళ్లు, ఎప్పుడు కప్పుకోమంటారు అని. అంత దిగులెందుకు అత్తా, ఇంక దాచేదేముంది అని ఒకరోజు ధైర్యం చెప్పబోయాను.

"ఇన్నేళ్లు కప్పుకొచ్చినాను పాపా. ఇప్పుడు నడిసందులో కోక ఇప్పీసి నిలబెట్టినట్టున్నాది" అంది.

రోహిణికార్తె ఎండల్లో జ్వరం తగిలింది, ఆషాఢం మొదటి వానకి పోయింది.

వాళ్లలో పెద్దదినం నాటికి ఇల్లంతా అలికి, గోడలన్నిటికీ మట్టి పూస్తే గాని మైల పోదు. ముందురోజు నేను వెళ్లేసరికి చుట్టాలు అరుగు మీద కూర్చుని వాదించుకుంటున్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆమె మరిది, పోయినావిడ ఉసురు తగులుతుంది, ఒక్క వేలెడు జాగా కూడా ఒట్టిగా వదలకూడదని పట్టుబట్టాడు. కొడుకు తల వంచుకుని కూర్చున్నాడు. చుట్టాలంతా నా వైపు చూశారు, పంతులమ్మ ఏదో ఒకటి తేల్చాలన్నట్టు. తేల్చింది కోడలు. మట్టి ముద్ద చేతిలోనే ఉంది, తలుపు పక్కకి వెళ్లి నిలబడింది.

"మైలుంటే నాకుండనీ సినమావా. అంతా పూత్తాను, ఇది పూయను" అంది.

అలాగే చేసింది. ఆయన భోజనం చేయకుండా రైలెక్కాడు.

ఈ ఏడు వాన విడవడం లేదు. ఆ గంటు మీద పాలిథీన్ పట్టా కట్టి, నాలుగు మూలలా మేకులు కొట్టారు. పడమటి గాలి సందులోంచి కొడుతుంది, పట్టా ఊడుతుంది, మళ్లీ కడతారు. కట్టి ఉంచితే లోపల చెమ్మ ఊరుతుంది, విప్పితే జల్లు తగులుతుంది. ఎంతైనా ఒండ్రుమట్టి, నీళ్లు తగిలితే నీళ్ల వెంటే పోతుంది. పైపూతలు ముందు మెత్తబడుతున్నాయి. రెండు రంగులు కలిసిపోయి ఒకటిగా కనపడుతున్నాయి. వెల్డింగు చేసే కొడుకు గాజు పలక బిగిస్తానన్నాడు, బిగించబోతే సుత్తి అదురుకి అంచు రాలింది. అప్పటినుంచి ఎవరూ ముట్టుకోవడం లేదు. అధికారులు దసరా తర్వాత గాని రారని బస్తీలో అంటున్నారు. శ్రావణం ఇంకా సగం కూడా కాలేదు.

కోడలు రోజూ పొద్దున్నే పట్టా తీసి, ఊపిరి కూడా తగలనివ్వకుండా దగ్గరగా వంగి లెక్కపెడుతుంది. లెక్కపెట్టి నాకు ఫోన్ చేస్తుంది. నేను బడికి బయల్దేరే ముందు ఆ ఫోన్ కోసం చూస్తాను, మోగితే ఎత్తడానికి భయపడతాను. ఇవాళ కూడా వాన చప్పుడులోనే చేసింది.

"ముప్పై రెండు టీచరమ్మగారూ" అంది.